‘ఇది ఏ పుస్తకంలో ఉంది?’

పీటీఎంలలో నన్ను ఎక్కువమంది అడిగేది మార్కుల గురించి. దాని తర్వాత ఎక్కువగా వినే ప్రశ్న ఇది: “మేడమ్, వికీపీడియా చూసి ప్రాజెక్ట్ రాయొచ్చా, రాయకూడదా?” రాయకూడదని టీచర్ గట్టిగా చెప్తే ఫోన్ పక్కన పెట్టించవచ్చని కొందరి ఆశ. రాయొచ్చంటే ఆదివారం సాయంత్రం పని తొందరగా తేలిపోతుందని ఇంకొందరి ఆశ. నేను చెప్పే జవాబు ఇద్దరికీ నచ్చదు. ఏ పేజీ, దాన్ని ఎంతమంది చదివి దిద్దారు, అడుగున ఏ పుస్తకాల పేర్లున్నాయి? ఇవి చూడనిదే నేనేమీ చెప్పలేను. అక్కడ బంగారం లాంటి పేజీలున్నాయి, చెత్త పేజీలూ ఉన్నాయి. రెండూ ఒకే అక్షరాల్లో, ఒకే తెల్ల కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తాయి.

ఈ తేడా పిల్లలకు చూపించడానికి నేను క్లాసులో వాడే ఉదాహరణ ఇంగ్లిష్ వికీపీడియాలో సైనిక చరిత్ర మీద పనిచేసే స్వచ్ఛంద బృందం. పేరు వికీప్రాజెక్ట్ మిలిటరీ హిస్టరీ. యుద్ధాలు, యుద్ధనౌకలు, సేనాధిపతులు, కోటలు, ఆయుధాలు, రెజిమెంట్లు, వీటి మీద ఉన్న రెండు లక్షలకు పైగా వ్యాసాలు వీళ్ల చూపు కింద ఉన్నాయి. ఒక్కరికీ జీతం లేదు. చాలామంది అసలు పేరు కూడా ఎవరికీ తెలియదు, పెట్టుకున్న మారుపేరే గుర్తింపు. ఏడాదికోసారి ఓట్లు వేసుకుని సమన్వయకర్తలను ఎన్నుకుంటారు. ఆ ఎన్నికైనవాళ్లకు వ్యాసంలో ఏం ఉండాలో ఏం ఉండకూడదో శాసించే అధికారం ఏమీ రాదు. పెండింగ్ పని ఎక్కడ పేరుకుపోయిందో చూసుకోవడం, సమీక్షలు ఆగిపోకుండా కదిలించడం, నెలనెలా ‘ద బ్యూగల్’ అనే తమ వార్తాపత్రిక తీసుకురావడం, ఇవీ వాళ్ల బాధ్యతలు. మన స్కూల్లో క్లాస్ లీడర్ పదవికి జరిగే పోటీ గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. ఇక్కడ గెలిచినవాడికి బ్యాడ్జ్ ఉంటుంది, అక్కడ గెలిచినవాడికి ఇంకాస్త పని ఉంటుంది.

వ్యాసానికి వాళ్లు మెట్లు పెట్టారు. అన్నిటికన్నా కింది మెట్టు స్టబ్. తెలుగు వికీపీడియాలో దీన్ని ‘మొలక’ అంటారు, నాకు ఇంగ్లిష్ మాట కంటే ఇదే నచ్చింది. నాలుగు వాక్యాలున్న పేజీ మొలక. దానిపైన స్టార్ట్, సీ, బీ, గుడ్ ఆర్టికల్, ఏ క్లాస్, అన్నిటిపైన ఫీచర్డ్ ఆర్టికల్. ఆ చివరి మెట్టు ఎక్కిన పేజీకి పైన మూలలో చిన్న కంచు నక్షత్రం గుర్తు ఉంటుంది. (మన పిల్లలకు ఎఫ్‌ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అక్కడివాళ్లకు ఎఫ్‌ఏ అంటే ఫీచర్డ్ ఆర్టికల్. మొదటిసారి చెప్పినప్పుడు క్లాసంతా “ఎన్ని మార్కులకు టీచర్?” అని అడిగింది.) సైనిక చరిత్రలో ఇలా నక్షత్రం తెచ్చుకున్న వ్యాసాలు ఇప్పటికి వెయ్యి దాటాయి.

బీ మెట్టు దగ్గర వాళ్లు వేసే ఐదు ప్రశ్నలు నాకు బాగా ఉపయోగపడ్డాయి. ముఖ్యమైన ప్రతి విషయానికీ ఎక్కడ నుంచి తెచ్చారో చూపారా? విషయం మొత్తాన్ని చెప్పారా, పెద్ద ఖాళీలు, పెద్ద తప్పులు ఏమైనా ఉన్నాయా? ముందు పరిచయం, తర్వాత భాగాలు, ఒక వరుస ఉందా? భాష తప్పుల్లేకుండా చదవగలిగేలా ఉందా? బొమ్మలు, మ్యాపులు అవసరమైన చోట ఉన్నాయా? ఈ ఐదింట్లో ఒక్కటి తప్పినా బీ రాదు.

మన ఇళ్లలో ప్రాజెక్ట్ ఎలా తయారవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. జిరాక్స్ షాపుకు వెళ్తే టాపిక్ పేరు చెప్పగానే పది పేజీలు ప్రింట్ తీసి, పైన రంగు కవరు, పక్కన స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. ఇంకాస్త శ్రద్ధ ఉన్న ఇంట్లో అమ్మ రాత్రి పదకొండు దాకా కూర్చుని స్కెచ్ పెన్నులతో బోర్డర్లు గీస్తుంది. ఆ బోర్డర్లు చూస్తే ఎవరి చేతివో నాకు తెలుస్తుంది. వాటి మీద కోపం లేదు, అవి గీసిన నిద్ర గురించే బాధ. పై ఐదు ప్రశ్నల్లో రంగు కవరుకు సంబంధించిన ప్రశ్న ఒక్కటీ లేదు. చివరి ప్రశ్న బొమ్మల గురించే అయినా, అక్కడ బొమ్మ అతికిస్తే సరిపోదు, అది ఎవరిది, ఎప్పటిది, వాడుకునే హక్కు ఉందా అని అడిగేవాళ్లు వేరే ఉంటారు. మా 8వ తరగతిలో ఒకడు బొబ్బిలి యుద్ధం ప్రాజెక్టులో తాండ్ర పాపారాయుడి ఫొటో అని కృష్ణంరాజు గారి సినిమా స్టిల్ అతికించాడు. కింద ‘1757’ అని కూడా రాశాడు. యుద్ధం జరిగిన సంవత్సరం కరెక్టే.

బీ దాటి ఏ మెట్టుకు వెళ్లాలంటే ఆ వ్యాసంతో సంబంధం లేని కనీసం ముగ్గురు దాన్ని మొత్తం చదివి ఒప్పుకోవాలి. మూలాలను ఒకరు, బొమ్మల హక్కులను ఒకరు విడిగా చూస్తారు. ఆ సమీక్షలన్నీ ఎవరైనా చదువుకునేలా అలాగే ఉంచుతారు. నేను ఎండాకాలం సెలవుల్లో పాత యుద్ధనౌకల వ్యాసాల మీద జరిగిన సమీక్షలు కొన్ని చదివాను, నవల చదివినట్టు చదివాను. రాసినవాడు నెలల తరబడి కష్టపడి తెస్తాడు. సమీక్షకుడు వచ్చి ఒక చాంతాడంత జాబితా పెడతాడు. ఈ వాక్యంలో ‘అతను’ అంటే ఎవరు, కెప్టెనా, అడ్మిరలా? ఇక్కడ టన్నులన్నారు, ఏ టన్నులు? ఈ పేరాకు మూలం ఏది? ఈ మ్యాపులో ఉత్తరం ఎటు? రాసినవాడు ఒక్కొక్కదాని కిందా ‘చేశాను’ అనో, ‘ఇది మార్చను, ఎందుకంటే…’ అనో జవాబు రాస్తాడు. చివర్లో తన తప్పులన్నీ ఏరినవాడికి థాంక్స్ చెప్తాడు. ఆ థాంక్స్ దగ్గర నేను ఆగిపోయాను. మన స్కూళ్లలో ఎర్ర సిరా చూసి థాంక్స్ చెప్పిన పిల్లవాడిని నేను చూడలేదు. వాడి తప్పు కాదు. ఎర్ర సిరా పడ్డాక దిద్దుకుని మళ్లీ ఇచ్చే అవకాశమే మనం ఇవ్వం. దిద్దడం అంటే మార్కులు కోయడం అనే వాడికి తెలిసింది.

ఈ ఓపికకు పెద్ద ఉదాహరణ వాళ్ల యుద్ధనౌకల పని. ప్రపంచంలో ఏ దేశం కట్టిన బాటిల్‌షిప్ అయినా సరే, ప్రతిదాని మీదా మంచి వ్యాసం ఉండాలని 2009లో కొందరు సంకల్పించారు. దానికి ఆపరేషన్ మెజెస్టిక్ టైటాన్ అని పేరు పెట్టుకున్నారు. బ్రిటన్, జర్మనీ, జపాన్, అమెరికాలతో ఆగలేదు. ఎవరికీ పట్టని చిన్న దేశాల నౌకలూ లెక్కలోకి వచ్చాయి. ఏళ్లు గడిచినా ఆ పని సాగుతూనే ఉంది. ఒక్కడి వల్ల అయ్యేది కాదు. జర్మన్ నౌకల పుస్తకాలున్నవాడు ఒకడు, ఫొటోల హక్కులు తెలిసినవాడు ఒకడు, కామాలు ఫుల్‌స్టాపులు పట్టించుకునేవాడు ఒకడు. మూడోవాడు లేకపోతే మొదటివాడి పని నక్షత్రం దాకా రాదు. మన ఫ్లెక్సీల మీద ఒక్కొక్క ఫొటో కింద ఒక్కొక్క ర్యాంకు మాత్రమే పడుతుంది కాబట్టి, ఈ రకం పనికి ఫ్లెక్సీ ఎలా వేయాలో నాకూ తెలియదు.

ఇంతవరకూ చదివి, మేడమ్ వికీపీడియాకు ప్రచారం చేస్తున్నారని అనుకోకండి. బిచోలిం సంగతి కూడా చెప్తాను.

2007 జులైలో ఇంగ్లిష్ వికీపీడియాలో ‘బిచోలిం కాన్‌ఫ్లిక్ట్’ అని ఒక వ్యాసం వచ్చింది. 1640, 1641 సంవత్సరాల్లో గోవాలో పోర్చుగీసువారికీ మరాఠా సామ్రాజ్యానికీ జరిగిన యుద్ధం, చివరికి కుదిరిన సంధి, అన్నీ వివరంగా ఉన్నాయి. పొడవైన వ్యాసం. కింద పుస్తకాల పేర్లున్నాయి. రెండు నెలల్లోనే దానికి గుడ్ ఆర్టికల్ గుర్తింపు కూడా వచ్చింది. ఐదేళ్లకు పైగా ఆ గుర్తింపుతోనే అక్కడ ఉంది. 2012 డిసెంబరులో ఒక స్వచ్ఛంద సంపాదకుడు ఆ పుస్తకాలను వెతుకుతూ పోతే, ముఖ్యమైన పుస్తకాలు ఎక్కడా లేవు. అవి అసలు అచ్చే కాలేదు. యుద్ధమే జరగలేదు. గోవాలో బిచోలిం అనే ఊరు మాత్రం నిజం. మిగతాదంతా ఎవరో కూర్చుని అల్లిన కథ. ఆ పేజీ తీసేశారు.

ఇది నేను 9వ తరగతికి చెప్పి, “ఇందులో తప్పు పట్టుకోవడానికి మీకు ఏం కావాలి?” అని అడిగాను. గూగుల్ అన్నారు, ఏఐ అన్నారు, పోర్చుగీస్ భాష రావాలన్నారు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి “శివాజీ ఎప్పుడు పుట్టాడు టీచర్?” అంది. 1630లో. అంటే 1640కి పదేళ్ల పిల్లవాడు. పట్టాభిషేకం 1674లో. 1640లో పోర్చుగీసువారితో యుద్ధం చేయడానికి మరాఠా సామ్రాజ్యం ఎక్కడుంది? సోషల్ టెక్స్ట్‌బుక్కులో ఉన్న రెండు సంవత్సరాలు పక్కపక్కన పెడితే ఆ వ్యాసం మొదటి వాక్యం దగ్గరే అనుమానం రావాలి. ఐదేళ్లపాటు చదివిన ఎంతోమంది పెద్దలకు ఆ అనుమానం రాలేదు, వచ్చినా పైకి చెప్పలేదు. కింద పుస్తకాల పేర్లు చూసి, ఎవరో చూసే ఉంటారులే అనుకున్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. గుడ్ ఆర్టికల్ గుర్తింపు ఇవ్వడానికి ఒక్క సమీక్షకుడు సరిపోతాడు. బిచోలిం వ్యాసం ఒకరి కన్ను దాటిపోయింది. అదే వ్యాసాన్ని నక్షత్రం మెట్టుకు పంపినప్పుడు మాత్రం ముందుకు పోలేదు. నలుగురు కూర్చున్న చోట, కొన్ని పుస్తకాల మీదే ఇంత ఆధారపడితే ఎలా అనే మాట వచ్చింది. అబద్ధమని అప్పుడు పట్టుకోలేకపోయారు, కానీ ముద్ర వేయలేదు. ప్రాజెక్టులు దిద్దేటప్పుడు నేనూ ఒక్కదాన్నే. మూడు సెక్షన్లు, నూట ఇరవై ప్రాజెక్టులు, నాలుగు రోజులు. ఒక కన్ను ఎంత చూడగలదో అంతే చూస్తుంది.

ఇప్పుడు ఇదే పని చేసే యంత్రాలు వచ్చాయి కాబట్టి ఈ కథ మరీ అవసరమైంది. ఏఐని ఒక యుద్ధం గురించి రాయమంటే చక్కటి ఇంగ్లిష్‌లో రాస్తుంది, మూలాలు ఇమ్మంటే లేని పుస్తకం పేరు, లేని పేజీ నంబరు కూడా ఇవ్వగలదు. బిచోలిం వ్యాసం రాయడానికి ఒక మనిషి చాలా కష్టపడి ఉంటాడు. ఇప్పుడు అర నిమిషం చాలు. పిల్లలు వాడకుండా ఆపగలమని నేను అనుకోవడం లేదు. వాడినప్పుడు ‘ఇది ఏ పుస్తకంలో ఉంది? ఆ పుస్తకం ఉందా?’ అని అడగడం అలవాటు కావాలి.

యుద్ధాల గురించే ఎందుకు, పిల్లలకు వేరే మంచి విషయాలు లేవా అని ఒక అమ్మగారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నాకు యుద్ధాలంటే ఇష్టం ఉండి కాదు. మనుషులు అబద్ధం చెప్పడానికి ఎక్కువ కారణాలున్నది అక్కడే. గెలిచినవాడు శత్రువుల సంఖ్య పెంచుతాడు, ఓడినవాడు తన సంఖ్య తగ్గిస్తాడు, సినిమావాళ్లు ఇద్దరినీ పెంచుతారు. నిజం వెతకడం నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి మైదానం లేదు.

నేను పనిచేసే విశాఖ బ్రాంచిలో దీనికి ఉదాహరణ బీచ్ రోడ్డు మీదే ఉంది. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూడని పిల్లలు మా దగ్గర తక్కువ. “గాజీని ముంచింది ఏది?” అంటే సగం క్లాసు “కుర్సురా” అంటుంది. 1971 యుద్ధంలో కుర్సురా గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో. గాజీ మునిగింది మన విశాఖ తీరంలో, డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి. మిగతా సగం 2017లో వచ్చిన సినిమా చూసినవాళ్లు. అందులో మన సబ్‌మెరైన్ నీటి అడుగున గాజీతో తలపడుతుంది. మంచి సినిమా, నేనూ రెండుసార్లు చూశాను. కానీ భారత నౌకాదళం చెప్పింది అది కాదు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్ డెప్త్ చార్జీలు వేసి ముంచిందని నౌకాదళం చెప్పింది. పాకిస్తాన్ వైపు చెప్పేది వేరు: లోపల జరిగిన పేలుడు వల్లో, అది వేసిన మైన్లే పేలడం వల్లో మునిగిందని. అందులో ఉన్నవాళ్లు ఒక్కరూ బతకలేదు కాబట్టి లోపలి నుంచి చెప్పేవాళ్లు లేరు.

వికీపీడియా నియమం ప్రకారం ఇలాంటి చోట రెండు వాదనలూ ఎవరు చెప్పారో చెప్తూ రాయాలి. రాసేవాడు భారతీయుడైనా, పాకిస్తానీ అయినా, ఆస్ట్రేలియావాడైనా అంతే. దీన్ని మొదటిసారి క్లాసులో చెప్పినప్పుడు ఒకడు లేచి, “మన నేవీ చెప్పింది కరెక్ట్ అని రాయకపోతే దేశభక్తి లేనట్టే కదా టీచర్” అన్నాడు. వాడిని కూర్చోబెట్టలేదు. మన నేవీ ఏం చెప్పిందో, ఏ పుస్తకంలో చెప్పిందో రాయమన్నాను. వాడు నిజంగానే వెతికాడు. అంత శ్రద్ధగా వెతకడం కన్నా దేశానికి వాడు ఇవ్వగలిగింది 14 ఏళ్ల వయసులో ఏముంటుందో నాకు తెలియదు.

ఆ ప్రాజెక్టు జరుగుతున్నప్పుడే ఒక తాతగారు మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చి నాతో, “అమ్మా, ఆ రాత్రి చప్పుడు నేను విన్నాను. కిటికీ రెక్కలు అదిరిపోయాయి. భూకంపం అనుకున్నాం” అన్నారు. మనవరాలు అది ప్రాజెక్టులో రాయాలంది. వికీపీడియాలో అయితే కుదరదు. అచ్చులో ఎక్కడా రాని సొంత సమాచారం వాళ్లు ఒప్పుకోరు. ఇది నాకు వాళ్లతో పేచీ ఉన్న విషయం. తాతగారి మాట కొట్టేసి ఎవరో దూరదేశంలో కూర్చుని రాసిన పుస్తకం పేజీ నంబరు ఇమ్మంటే పిల్లలకు ఎలా ఉంటుంది? అయితే నియమం ఎందుకు పెట్టారో కూడా తెలుసు. ఆ తలుపు తెరిస్తే బిచోలిం వ్రాసినవాడు కూడా ‘మా తాత చెప్పాడు’ అనే వస్తాడు. స్కూలు ప్రాజెక్టుకు నేను వేరే దారి పెట్టాను: తాతగారు చెప్పింది రాయవచ్చు, కానీ ఎవరు చెప్పారో, అప్పటికి ఆయన వయసెంతో, ఏ వీధిలో ఉండేవారో, ఏ రోజు అడిగి రాసుకున్నారో కింద రాయాలి. ఆయన విన్నది చప్పుడు మాత్రమే. ఎవరు ముంచారో ఆయన మాట తేల్చదు. ఆ అమ్మాయి అది సరిగ్గా విడదీసి రాసింది. ఆ ప్రాజెక్టుకు బోర్డర్లు లేవు, పూర్తి మార్కులు వచ్చాయి.

మన ప్రాంతపు యుద్ధాల సంగతికొస్తే అక్కడ ఖాళీలు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక్కొక్క నౌకకు పుస్తకమంత వ్యాసం ఉంటుంది. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర జరిగిన చందుర్తి యుద్ధం గురించి మన పిల్లల్లో విన్నవాళ్లే తక్కువ. ఫోర్డ్ నడిపిన ఇంగ్లిష్ సేన, విజయనగరం ఆనంద గజపతిరాజు సాయంతో, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనను ఓడించింది. మరుసటి ఏడాది మచిలీపట్నం కూడా పడిపోయింది. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతి నుంచి జారిపోయిన మలుపు అది. బొబ్బిలి సంగతి మనకు జంగం కథగా, సినిమాగా బాగా తెలుసు. కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ దాని గురించి ఇంగ్లిష్‌లో రాశాడని, కథనూ ఆ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదవవచ్చని ఎంతమందికి తెలుసు? స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు తమకు ఇష్టమైనది, తమ దగ్గర పుస్తకాలున్నది రాస్తారు. తప్పుపట్టలేం. మన గురించి రాయడానికి మన దగ్గర నుంచి ఎవరో ఒకరు రావాలి.

అలా అని రేపే మన పిల్లలందరికీ ఖాతాలు తెరిపించి రాయించాలని నేను అనను. 2011లో పుణెలో కొన్ని కాలేజీల విద్యార్థులతో వికీపీడియా వ్యాసాలు రాయించే కార్యక్రమం పెట్టారు. ఉద్దేశం మంచిదే. చాలామంది విద్యార్థులు పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి ఉన్నది ఉన్నట్టు దింపేశారు. అది కాపీరైట్ ఉల్లంఘన అని వాళ్లలో ఎంతోమందికి తెలియనే తెలియదు. అదంతా వెతికి తుడవడం అక్కడి స్వచ్ఛంద సంపాదకుల మెడకు చుట్టుకుంది. ఆ ఏడాది చివరికి కార్యక్రమం ఆపేశారు. ఆ విద్యార్థులు చెడ్డవాళ్లు కారు. చిన్న క్లాసుల నుంచి ప్రాజెక్టు అంటే దింపడమే అని మనమే నేర్పాం, బాగా దింపినవాడికి ‘వెరీ గుడ్’ వేశాం. 8వ తరగతి జిరాక్స్ షాపు నుంచి ఇంజినీరింగ్ మూడో ఏడాది దాకా అదే దారి.

అందుకే ఈ టర్మ్ నుంచి మా బ్రాంచిలో 8, 9 తరగతుల సోషల్, ఇంగ్లిష్ ప్రాజెక్టులకు పద్ధతి మారుతోంది. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు, ఒక టర్మ్ చూద్దాం అన్నారు. ప్రాజెక్టు నాలుగు పేజీలు దాటకూడదు, చేతిరాతే. ప్రతి పేరా కింద ఆ విషయం ఎక్కడ నుంచి వచ్చిందో పుస్తకం పేరు, పేజీ నంబరు ఉండాలి. నా దగ్గరకు వచ్చే ముందు ఇద్దరు క్లాస్‌మేట్లు ఆ ఐదు ప్రశ్నలు పెట్టుకుని చదివి, పెన్సిల్‌తో రాస్తారు. రాసిన పిల్లవాడు ఒక్కొక్కదానికీ జవాబిచ్చి, దిద్దుకుని రెండోసారి ఇస్తాడు. మార్కులు రెండోసారి ఇచ్చినదానికే. చదివి దిద్దిన ఇద్దరికీ కూడా మార్కులుంటాయి.

ఇది విన్న తల్లిదండ్రుల్లో కొందరికి అభ్యంతరాలున్నాయి. “మా వాడి తప్పులు పక్కవాడు చూపించడమేంటి మేడమ్, చిన్నబుచ్చుకోడా?” మొదటి వారం చిన్నబుచ్చుకుంటాడు. అందుకే మనిషి గురించి ఒక్క మాటా రాయకూడదు, వాక్యం గురించే రాయాలి అని నియమం. ‘నీకు రాయడం రాదు’ అంటే రబ్బరుతో తుడిపిస్తాను. ‘ఈ సంఖ్య ఏ పుస్తకంలో ఉంది?’ అంటే ఉంచుతాను. “మంచిగా దిద్దితే పక్కవాడికి మార్కులు పెరుగుతాయి కదా, మా అమ్మాయి ఎందుకు దిద్దాలి?” అని ఒక నాన్నగారు సూటిగానే అడిగారు. అడిగినందుకు సంతోషించాను, చాలామంది మనసులో ఉన్నది అదే. పక్కవాడి లెక్క తప్పు పట్టాలంటే తనకు ఆ లెక్క రావాలి. రెండు ప్రాజెక్టులు దిద్దిన అమ్మాయికి మూడు టాపిక్‌లు వస్తాయి, తనది ఒకటి, పక్కవాళ్లవి రెండు. ఫౌండేషన్ క్లాసులకు టైము చాలదనే మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. వారానికి ఒక పీరియడ్ పడుతుంది. ఆ పీరియడ్ ఎక్కడి నుంచో ఒక చోటు నుంచి తీయాల్సిందే.

ఇంట్లో మీ నుంచి కోరేది తక్కువే. బోర్డర్లు గీయకండి. జిరాక్స్ షాపుకు పంపకండి. పిల్లలు రాసింది భోజనాల దగ్గర చదివి వినిపిస్తే, ఏదో ఒక వాక్యం దగ్గర ఆపి అది ఎక్కడ చదివారో అడగండి. జవాబు తెలియకపోతే మీరు వెతికిపెట్టకండి, మర్నాడు లైబ్రరీ పీరియడ్‌లో వాళ్లే వెతుక్కుంటారు.

దసరా సెలవుల తర్వాత మొదటి సోమవారం మొదలుపెడతాం. 8వ తరగతికి బొబ్బిలి, చందుర్తి. 9వ తరగతికి గాజీ, మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు. మా లైబ్రరీలో వీటికి పుస్తకాలు చాలవు. మీ ఇంట్లో అటక మీద పాత జిల్లా చరిత్రలు, నౌకాదళంలో పనిచేసిన పెద్దవాళ్లు దాచుకున్న పుస్తకాలు, పాత పత్రికలు ఉంటే రెండు వారాలకు అరువివ్వండి. తెలుగైనా ఇంగ్లిషైనా పరవాలేదు. పుస్తకం మీద మీ పేరు, పిల్లల సెక్షన్ రాసి పంపండి. అట్ట వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి, నేనే తిరిగి పంపిస్తాను.